బోర్లించిన గంప

ఏలూరు పెద్దబజారులో వీర్రాజుగారి తాళ్ళకొట్టు గోడ మీద ఎర్రరంగు గీత పడి నాలుగు రోజులైంది. గీతకి ఇవతల ఉన్నదంతా రోడ్డుకి పోతుంది, అవతలది కొట్టుకి మిగులుతుంది. అరుగు మొత్తం ఇవతలే ఉంది. ఆ అరుగు కింద, ఆదిలక్ష్మి గంప దించుకునే కాస్త నేలకి మాత్రం ఎవరూ గీత గియ్యలేదు. గియ్యడానికి అక్కడ గోడ లేదు.

తెల్లారి ఇంకా ఎండ ఎక్కలేదు. ఆ నేల మీద ఒక పాత వెదురుగంప బోర్లించి ఉంది. దాని మీద గులకరాయి. చోటుకి మనిషి ఉంది, వస్తుంది అని దానికి అర్థం. ఆదిలక్ష్మి వంగి రాయి తీసి కొంగున ముడేసుకుంది. గంపని అరుగు కిందికి తోసి, నెత్తి మీది చేపలగంప దించుకుంది. తడి గోనెపట్టా పరిచి మట్టగిడిసలని ఒక వరసగా, జెల్లలని ఒక కుప్పగా పెట్టింది. కొర్రమీనులు కుండలోనే ఉన్నాయి. అవి ప్రాణంతో ఉంటేనే బేరం.

వీర్రాజుగారు కొట్టు తలుపుల పలకలు ఒక్కొక్కటే తీస్తూ అడిగాడు. "ఏమ్మా ఆదిలక్ష్మీ, నిన్న కూడా నువ్వే వచ్చావు. ఇవాళ నీ వంతు కాదుగా?"

"కాదండి బాబూ. అమ్మాజీ వంతండి. బాలింత కదండీ, మొన్ననే పురుడు వెళ్ళింది. దాని చేపలు నేనే తెచ్చేను."

కొల్లేటి లంకలో వాళ్ళ రెండు కుటుంబాలకీ ఈ చోటు ఒక్కటే. ఏలూరు వచ్చే పడవలో రెండిళ్ళకీ కలిపి గంప పెట్టుకునే జాగా కూడా ఒక్కటే. అందుకని ఒక రోజు ఆదిలక్ష్మి, ఒక రోజు అమ్మాజీ. అత్తగార్ల కాలం నుంచీ అంతే. కొల్లేట్లో చేపలు పట్టే మావులు వేసే చోట్లకీ వంతులే, బజారులో చోటుకీ వంతే. ఒకళ్ళకి ఒంట్లో బాగులేకపోతే రెండోవాళ్ళు వాళ్ళ చేపలు తెచ్చి, అమ్మి, వచ్చింది వచ్చినట్టు కొంగుముడి విప్పి ఇచ్చెయ్యాలి. ఆ పూట కూరకి ఒక చేప ఉంచుకోవచ్చు. అంతకు మించి పొలుసు ముక్క కూడా తనది కాదు.

మిషను బళ్ళో పాఠాలు చెప్పే సుగుణ టీచరు గొడుగు మడుచుకుంటూ వచ్చి నిలబడింది. మట్టగిడిస మొప్ప ఎత్తి చూసి, "ఎర్రగా లేదే" అంది.

"ఇంకా ఎర్రగా కావాలంటే ఆ గోడ మీద గీత ఉందండి, అది పట్టుకెళ్ళండి" అంది ఆదిలక్ష్మి.

టీచరు నవ్వు ఆపుకుని కొర్రమీను చూపించింది. ఆదిలక్ష్మి చేతికి బూడిద రాసుకుని, కుండలో చెయ్యి పెట్టి ఒక్క పట్టులో బయటికి లాగింది. కత్తిపీట మీద కాలు వేసి కూర్చుంది. ఆమె కుడిచేతి బొటనవేలి లోపలివేపు ఏటవాలుగా తెల్లటి మచ్చ ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో, అత్తగారు చూస్తుండగా గాభరాపడి కోసుకున్న గాటు అది. ఇప్పుడు ఆ వేలు చేప కడుపు చీల్చేటప్పుడు ఎక్కడ ఆగాలో తనంతట తనే ఆగుతుంది.

చేప ముక్కలు ఆకులో చుడుతూండగా మునిసిపాలిటీ గుమాస్తా రాజరత్నంగారు వచ్చాడు. సన్నటి మనిషి, మృదువైన గొంతు. వెనక ప్యూను సిరాబిళ్ళ పట్టుకుని ఉన్నాడు. పొద్దెక్కేలోగా బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా కింద కూర్చుని అమ్ముకునేవాళ్ళందర్నీ రాసుకోమని ఆయనకి హుకుం. అప్పటికే ముఖం చెమటలు పట్టి ఉంది.

"ఈ చోటు ఎవరిదమ్మా?"

"ఇవాళ అమ్మాజీదండీ."

ఆయన కలం కదిలింది. "అమ్మాజీ... భర్త పేరు?"

"తాతాజీ అండీ."

"ఎన్నాళ్ళ నుంచి కూర్చుంటున్నారు?"

"మా అత్తగారి నాటి నుంచండీ. మా అత్తగారూ, వాళ్ళ అత్తగారూ వంతు వేసుకుని..."

కలం అప్పటికే పక్క గడిలోకి వెళ్ళిపోయింది. "చాలమ్మా. వేలు ఇలా ఇయ్యి."

ఆదిలక్ష్మి చెయ్యి కొంగుకి తుడుచుకుంది గాని ముందుకి చాపలేదు. "నాదెందుకండీ? ఇవాళ చోటు నాది కాదు కదండీ."

"చోట్లో ఉన్న మనిషి వెయ్యాలి. రోడ్డు వెడల్పు చేస్తారు కదా, ఎవరెవరున్నారో రాసుకుంటున్నాం. అంతే. భయపడకు."

ఆయన ఆమె బొటనవేలు పట్టుకుని, సిరాబిళ్ళ మీద దొర్లించి, కాగితం మీద నొక్కాడు. నల్లటి ముద్ర మధ్య నుంచి తెల్లటి గాటు ఏటవాలుగా పడింది. నీ పేరేమిటని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. అవతలివాళ్ళ వంతు రోజున చోటు నాదనడం అవతలివాళ్ళ కంచంలో చెయ్యి పెట్టడం లాంటిదని ఆమెకి ఎవరూ ప్రత్యేకించి నేర్పనక్కర్లేదు.

ఆ సాయంకాలం అమ్మాజీ ఇంటి గుమ్మంలో కూర్చుని కొంగుముడి విప్పి ఇస్తూ ఆదిలక్ష్మి ఈ సంగతి చెప్పింది. అమ్మాజీ చంటిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని పకపకా నవ్వింది. తల చుట్టూ గుడ్డ కట్టుకుని, మొహం పాలిపోయి ఉన్నా నవ్వు మాత్రం పాతదే. బజారులో ఆమె కేక వేస్తే తూర్పువీధి దాకా వినపడేది.

"అయితే వదినా, ఇవాళ నువ్వు నేనైపోయావన్నమాట."

"ఏడిశావులే. పీట మీద నడుం విరగ్గొట్టుకున్నది నేను, పేరేమో నీకు."

అమ్మాజీ అత్తగారు వెంకటనరసమ్మ ఎండుచేపలు తిరగేస్తూ, "వేలుముద్ర వేసి వచ్చావటే? ఏం కాగితమో, ఏమో" అంది.

"ఊరికే రాసుకోడానికంట పెద్దమ్మా."

"ఊరికే రాసుకునే కాగితం నేనింతవరకు చూళ్ళేదు" అంది వెంకటనరసమ్మ.

*

ఆ తరవాత మూడో రోజు బజారులో దండోరా వేశారు. ఆ రోజు వంతు ఆదిలక్ష్మిదే. డప్పు మోతలో మాటలు సరిగ్గా వినపడలేదు. వీర్రాజుగారి గోడ మీద, ఎర్రగీత పక్కన, అచ్చు కాగితం ఒకటి అంటించి పోయారు. సుగుణ టీచరు వచ్చేదాకా ఆగి ఆదిలక్ష్మి ఆమె చేత చదివించుకుంది.

టీచరు కళ్ళద్దాలు సర్దుకుని నెమ్మదిగా చదివింది. బజారు రోడ్డు మీద కూర్చుని అమ్మడం వచ్చే సోమవారం నుంచి లేదు. కాలువ అవతల కొత్త మార్కెట్టు కట్టారు. అందులో రేకుల కప్పు కింద సిమెంటు తిన్నెలు. జాబితాలో పేరున్నవాళ్ళకే తిన్నె, పేరుకి ఒక్కటి. దానికి నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఇస్తారు. బిళ్ళ ఉన్న మనిషే కూర్చోవాలి. ఇంకొకరిని కూర్చోబెట్టినా, పంచుకున్నా బిళ్ళ రద్దు. నెలలో మూడు రోజులు సరుకు లేకుండా కనిపించినా రద్దు.

"నా పేరుందేమో చూడండి టీచరమ్మగారండీ."

"పేర్లు ఇందులో లేవు ఆదిలక్ష్మీ. ఆఫీసులో ఉంటాయి."

ఆ మధ్యాహ్నం బేరాలు ఆపుకుని, మిగిలిన జెల్లల మీద తడిగోనె కప్పి, వీర్రాజుగారిని కాస్త చూస్తుండమని చెప్పి ఆమె ఆఫీసుకి వెళ్ళింది. వరండాలో చాలాసేపు నిలబడ్డాక రాజరత్నంగారు బయటికొచ్చాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒకసారి చేత్తో నుదురు రుద్దుకున్నాడు.

"మరి ఆ రోజే చెప్పొద్దటమ్మా?"

"మీరు ఈ చోటు ఎవరిదన్నారండీ. ఆ రోజు అమ్మాజీదేనండీ."

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. "జాబితా సంతకానికి వెళ్ళిపోయింది. ఇప్పుడు పేరు మార్చాలంటే నేను తప్పు రాశానని నేనే రాసివ్వాలి." అన్నాక, తన మాట తనకే వినిపించినట్టు తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేసరికి వీర్రాజుగారి కొట్టు ముందు ఇద్దరు పంచెల పెద్దమనుషులు అడుగులతో కొలతలు వేస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయన అరుగు మీద చతికిలబడి, "బందరు నుంచి వచ్చేరు" అన్నాడు. "గడియారాలు, గ్రామఫోనులు పెడతారట. ముందువేపంతా అద్దాలు. రోడ్డు వెడల్పయితే ఇక్కడ కొట్టు దొరకదని ముందే పరిగెత్తుకొచ్చేరు. వాళ్ళిచ్చే అద్దె నా తాళ్ళూ వలదారమూ ఏ కాలానికి తెచ్చిపెడతాయి?"

"మరి మీరెక్కడికి ఎల్తారండీ?"

"వెనకవేపు సందులో చిన్న గది ఉంచుకుంటాను." ఆయన అరుగు పలక మీద చెయ్యి వేసి నిమిరాడు. "మా నాన్న వేయించిన పలక. నీ అత్త నాకు తెలుసు. ఎండలో కూర్చుంటే ఈ నీడలోకి జరగమనేవాడు మా నాన్న. ఇప్పుడు ఎవరిని ఎవరు జరగమంటారు?"

ఆదిలక్ష్మి గోనె తీసి చూసింది. జెల్లలు మెత్తబడ్డాయి.

ఇంటిదగ్గర మొగుడు పెద్దింటయ్య వల కుడుతూ అంతా విన్నాడు. చేతిలో వలసూది ఆగలేదు. కుడుతూనే అన్నాడు. "ఉన్న ఒక్క చోటూ నీ నోటితో నువ్వే వాళ్ళకిచ్చేసొచ్చావు."

"ఇవ్వలేదు. అడిగినదానికి చెప్పాను."

"ఇక గట్టు మీద చేపలు కొనే తూకంవాడికే పొయ్యాలి. వాడు చెప్పిందే తూకం, వాడిచ్చిందే ధర. మా అయ్య ఆ గట్టు మీదే బతికి, ఆ గట్టు మీదే పోయాడు."

"అమ్మాజీ అట్టాంటిది కాదు. వంతు వంతే అంటుంది."

"అమ్మాజీ అంటుంది. తాతాజీ ఏమంటాడో చూడు."

అమ్మాజీ ఆ మాటే అంది. "బిళ్ళ నా పేరున ఉంటే ఏం వదినా, నీ రోజు నీదే." కాని తాతాజీ అక్కడే నిలబడి, నేల చూస్తూ, గోటితో తాటిమట్ట గీరుతూ అన్నాడు. "పంచుకుంటే బిళ్ళ పోద్దంట అక్కా. అప్పుడు నీకూ లేదు, మాకూ లేదు. రెండిళ్ళూ మునిగేకంటే..." మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యక్కర్లేదు కూడా. తాతాజీ చెడ్డవాడు కాడు. ఆదిలక్ష్మి తొలిచూలుకి కష్టపడ్డప్పుడు, గాలివానలో దోనె వేసుకుని మంత్రసానిని తెచ్చినవాడు అతనే. అందుకే ఆమె అతనితో వాదం పెట్టుకోలేక లేచి వచ్చేసింది.

*

బిళ్ళలిచ్చే రోజున కొత్త మార్కెట్టు ముందు షామియానా వేశారు. బల్ల వెనక ఓవర్సీరు బాలస్వామిగారు టోపీతో విసురుకుంటూ కూర్చున్నాడు. పక్కన రాజరత్నంగారు పేర్లు పిలుస్తున్నాడు. పిలిచినవాళ్ళు వచ్చి వేలుముద్ర వెయ్యడం, ఓవర్సీరు దాన్ని పాత ముద్ర పక్కన పెట్టి ఒకసారి చూడడం, బిళ్ళ ఇవ్వడం. అన్ని ముద్రలూ ఆయనకి ఒక్కలాగే కనపడుతున్నాయని ఆ చూపు చూస్తేనే తెలుస్తోంది.

ఆదిలక్ష్మికి అక్కడ పని లేదు. అయినా వచ్చింది. అమ్మాజీ తోడు రమ్మంది. నడిస్తే కళ్ళు తిరుగుతున్నాయంది. చంటిపిల్లని ఎత్తుకుని ఆదిలక్ష్మి రాటకి చేరగిలబడి నిలబడింది.

"పదిహేడు. అమ్మాజీ, భర్త తాతాజీ."

అమ్మాజీ వెళ్ళి వేలు వేసింది. ఓవర్సీరు చూశాడు. టోపీ బల్ల మీద పెట్టి మళ్ళీ చూశాడు.

"ఇదేమిటి? ఇందులో గాటుంది. నీ వేలికేదీ?"

అమ్మాజీ తన వేలు తను చూసుకుంది. తాతాజీ రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయాడు.

"రాజరత్నం! ఎవరి చేత వేయించావు ఇది?"

రాజరత్నంగారు చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. "ఆ వేళ... చోట్లో ఉన్నావిడ చేతనేనండీ."

"చోట్లో ఉన్నది ఈవిడ కాదా? అయితే పేరు తప్పా, ముద్ర తప్పా? ఏదో ఒకటి చెప్పు. తప్పు నీదైతే నీదని చెప్పు. దొంగముద్ర అయితే కొట్టేసి తర్వాతివాళ్ళని పిలు."

గుమాస్తా పెదవులు తడుపుకున్నాడు. అతని కలం పదిహేడో నంబరు మీద ఆనింది. కొట్టేస్తే చాలు, ఎవరి తప్పూ ఉండదు.

అమ్మాజీ ఆ కలం చూసింది. గిరుక్కున వెనక్కి తిరిగి, రాట దగ్గరికి వచ్చి, ఆదిలక్ష్మి చేతుల్లోంచి పిల్లని లాక్కుని, ఆమె భుజం పట్టుకుని బల్ల ముందుకి తోసింది.

"అమ్మాజీ ఈవిడేనండీ. నేను తోడొచ్చానండీ."

"మరి ఇందాక వేలు వేసింది నువ్వే కదా?"

"పిలిస్తే వచ్చేశానండీ బాబూ. చంటిపిల్ల తల్లిని, మతి నిలవట్లేదండీ. నా పేరు ఆదిలక్ష్మండీ."

జనం గొల్లుమన్నారు. ఎవరో ఆదిలక్ష్మి చెయ్యి సిరాబిళ్ళ మీద పెట్టారు. ముద్ర పడింది. గాటుకి గాటు సరిపోయింది. ఓవర్సీరు తృప్తిగా తల ఊపాడు. ఆ రోజు మొత్తం మీద ఆయనకి నిజంగా సరిపోయినట్టు కనిపించిన ముద్ర అదొక్కటే.

"నువ్వేనా అమ్మాజీవి?"

రాజరత్నంగారు ఆమె ముఖంలోకి చూడలేదు. కాగితం వైపే చూస్తున్నాడు.

"ఆయ్" అంది ఆదిలక్ష్మి.

"తాతాజీ భార్యవేనా?"

తాతాజీ ముఖం నల్లబడింది. తను అక్కా అని పిలిచే మనిషి. ఆదిలక్ష్మి తల వంచి, వినీ వినపడకుండా మళ్ళీ "ఆయ్" అంది. బిళ్ళ ఆమె చేతిలో పడింది. ఎండలో ఉండడం వల్ల అది వేడిగా ఉంది.

ఆ సాయంకాలం అందరూ ఒకే పడవలో తిరిగొచ్చారు. పడవవాడు సూర్రావు ఊరుకోలేదు. గడ వేస్తూ వేస్తూ అన్నాడు. "ఏవయ్యా తాతాజీ, సర్కారు నీకు రెండో పెళ్ళి చేసిందంట? పప్పన్నం ఎప్పుడూ?"

పడవలో అందరూ నవ్వారు. అమ్మాజీ కూడా నవ్వబోయింది. తాతాజీ మొహం చూసి ఆపేసింది.

*

ఆదివారం పెద్దబజారులో గునపాలు దిగాయి. అది ఆఖరి రోజు, వంతు ఆదిలక్ష్మిది. వీర్రాజుగారి అరుగు పలక లేవదీస్తుంటే రెండుగా చీలింది. పనివాళ్ళు కాస్త అవతలికి జరగమంటూ, జరగమంటూ ఆమెని చివరికి రోడ్డు మధ్యకి జరిపేశారు. బళ్ళవాళ్ళు తిట్టారు. సగం చేపలు అమ్మకుండానే లేచింది. లేచేటప్పుడు అలవాటుగా పాత గంప బోర్లించబోయి, బోర్లించే చోటు లేక, చంకలో పెట్టుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చాక పెద్దింటయ్య చాలా రోజుల తరవాత నెమ్మదిగా మాట్లాడాడు. "జరిగిందేదో జరిగింది. బిళ్ళ నీ చేతికొచ్చింది. ఇంక వంతేముంది? వాళ్ళిద్దరిలో ఎవరొచ్చినా కూర్చోనివ్వరు. రోజూ నువ్వే ఎల్లు. మన చేపలే పట్టుకెల్లు."

"రేపు అమ్మాజీ వంతు."

"వంతు పాత చోటుకి. అక్కడ ఇప్పుడు రోడ్డు."

"దాని చేపలు నేను అమ్మిపెడతాను. పురిటప్పుడు అమ్మలేదా? కూర్చునేది నేనే అయినప్పుడు ఎవరు మాత్రం ఏమంటారు?"

"తాతాజీ ఇస్తాడనుకున్నావా?"

సోమవారం కోడి కూసే వేళకి ఆమె అమ్మాజీ ఇంటికి వెళ్ళింది. తాతాజీ గుమ్మంలో వీపు ఇటు పెట్టి కూర్చుని ఉన్నాడు. ముంగిట్లో చేపలగంప లేదు. తడిమరక మాత్రం ఉంది.

"చేపలేవి తమ్ముడూ?"

"తూకంవాడికి ఇచ్చేశాను."

"ఇవాళ మీ వంతు."

"మా వంతెక్కడిది?" అతను ఇటు తిరగలేదు. "లంకలో పిల్లలు కూడా నవ్వుతున్నారు. మా ఇంటి చేప ఆ బిళ్ళ మీద అమ్ముడవ్వక్కర్లేదు."

"తప్పు నాది కాదు తమ్ముడూ. అమ్మాజీదీ కాదు."

"నాదే. సరేనా?"

లోపల్నించి చంటిపిల్ల ఏడుపు వినపడింది. అమ్మాజీ బయటికి రాలేదు. వెంకటనరసమ్మ పొయ్యి ఊదుతూ తల ఎత్తలేదు. ఆదిలక్ష్మి ఇంక వెనక్కి తిరుగుతూండగా తడిక పక్క సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతిలో అమ్మాజీ రోజూ బజారుకి తెచ్చే గంప. కడిగి, ఆరబెట్టి ఉంది. లోపల ఏమీ లేదు.

ఆదిలక్ష్మి దాన్ని అందుకుంది. చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది.

రేవులో పెద్దింటయ్య వాళ్ళ గంప నింపి సిద్ధంగా పెట్టాడు. పైన మంచి వాలుగలు పరిచాడు. కొత్త చోట మొదటి రోజు కదా అని. ఆమె దాన్ని చూసి ఆగింది. వేలితో ఒక చేప కన్ను నొక్కి చూసింది. గట్టిగా, తాజాగా ఉంది.

"ఇవి రేపు పట్టుకెల్తాను."

"రేపటికి కుళ్ళిపోతాయి."

"అయితే ఇవాళ తూకంవాడికి ఇచ్చెయ్యి."

పెద్దింటయ్య ఆమె చేతిలో ఖాళీ గంపని చూశాడు, ఆమె ముఖం చూశాడు. "నీకు మతి పోయింది" అన్నాడు. కేకలు వెయ్యలేదు. చేపలగంప భుజానికెత్తుకుని గట్టు వైపు వెళ్ళిపోయాడు. ఆ నడక చూస్తే కేకలు వేసినా బాగుండేదనిపించింది ఆమెకి.

సూర్రావు గడ ఆపి, "ఖాళీగంపకి కూడా పడవ కేవు ఇచ్చుకోవాలి మరి" అన్నాడు. ఆ మాట అని గడ మళ్ళీ నీళ్ళలోకి దించాడు.

*

కొత్త మార్కెట్టు విశాలంగా ఉంది. అంత విశాలమైన చోట పదిమంది ఉన్నా ఎవరూ లేనట్టే ఉంటుంది. రేకుల కప్పు కింద సిమెంటు ఇంకా పచ్చివాసన వేస్తోంది. బజారుకి వచ్చే ఇల్లాళ్ళు కాలువ దాటి ఇంత దూరం రాలేదు. వచ్చిన ఒకరిద్దరూ నంబర్లు చూసుకుంటూ, తెలిసిన ముఖాలు ఎక్కడున్నాయో తెలియక తిరిగి వెళ్ళిపోతున్నారు.

ఆదిలక్ష్మి పదిహేడో తిన్నె వెతుక్కుంది. అంచు మీద రాలిన సిమెంటు చెత్త కొంగుతో తుడిచింది. అమ్మాజీ గంపని తిన్నె మీద బోర్లించింది. కొంగుముడి విప్పి గులకరాయి తీసి దాని మీద పెట్టింది. తను తిన్నె ఎక్కలేదు. పక్కన నేల మీద కూర్చుంది.

పొద్దెక్కాక సుగుణ టీచరు వచ్చింది. గొడుగుని చెమట పట్టిన చేతుల్లో అటూ ఇటూ మార్చుకుంటూ మార్కెట్టంతా తిరిగి వచ్చినట్టుంది. ఆమెని చూడగానే ముఖం విప్పారింది.

"హమ్మయ్య, ఇక్కడున్నావా! పెద్దబజారులో చూశాను. నీ చోటులో సిమెంటు మెట్టు కట్టేస్తున్నారు. అద్దాల బీరువాలు అప్పుడే దిగాయి. ఏవీ, మట్టగిడిసలు తియ్యి."

"లేవండీ."

"కొర్రమీనో?"

"ఏమీ లేవండీ ఇవాళ."

టీచరు బోర్లించిన గంప వైపు చూసింది. "చేపలు లేకుండా ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?"

"వంతు నాది కాదండీ ఇవాళ" అంది ఆదిలక్ష్మి.

టీచరుకి ఏం అర్థమైందో తెలియదు. కాసేపు నిలబడి, "సరే, రేపు వస్తాను" అని గొడుగు విప్పుకుంది. ఇంత దూరం రేపు కూడా వస్తుందో లేదో ఆ గొంతుని బట్టి తెలియలేదు.

మధ్యాహ్నం రాజరత్నంగారు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. తిన్నె తిన్నె దగ్గరా ఆగి గీత గీసుకుంటూ వస్తున్నాడు. పదిహేడు దగ్గరికి వచ్చేసరికి అడుగులు నెమ్మదించాయి.

"ఏమమ్మా..." పేరు పెట్టి పిలవబోయి, ఏ పేరో తోచక ఆగిపోయాడు. "సరుకేదీ?"

"ఇవాళ వంతు నాది కాదండీ."

ఆయన చుట్టూ చూశాడు. దగ్గరలో ఎవరూ లేరు. గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఆ మాట అనకమ్మా. పంచుకుంటున్నారని రాయాల్సొస్తుంది. ఏదో నాలుగు చేపలు పెట్టుకుని కూర్చోలేకపోయావా? ఎవరివైతేనేం?"

"ఎవరివైతేనేం అంటే కుదరదు కదండీ."

"సరుకు లేకపోతే ఖాళీ అని రాయాలి."

"ఖాళీ కాదండీ." ఆమె గంప మీది రాయి వైపు చూపించింది. "మనిషుందండీ. రాలేదు, అంతే."

ఆయన ఆ గులకరాయిని చాలాసేపు చూశాడు. తరవాత రిజిస్టరు తెరిచి, ఆ పేజీ తనకి తనే చూపించుకుంటున్నట్టు పట్టుకున్నాడు. వరసగా గళ్ళు. నంబరు, పేరు, సరుకు, హాజరు.

"ఆ మాట రాయడానికి ఇందులో గడి లేదమ్మా."

ఆదిలక్ష్మి తల ఊపింది. ఆయన కలం తీసి, ఒక క్షణం ఆగి, ఏదో రాశాడు. ఆమెకి చదువు రాదు. కాని ఎంతసేపు రాశాడో చూసింది. చిన్న మాటే.

"ఇంకా రెండు సార్లు" అన్నాడు వెళ్ళబోతూ. "ఆ తరవాత నా చేతిలో ఉండదు."

ఎల్లుండొకటి, దాని ఎల్లుండొకటి, రెండూ అమ్మాజీ వంతులే. ఈలోగా తాతాజీ మనసు మారాలి. మారకపోతే తన వంతూ పోతుంది, దానితోపాటు అమ్మాజీ వంతూ పోతుంది. ఆమె వేళ్ళు మడిచి చూసుకుంది. మచ్చ ఉన్న బొటనవేలు మడతపడకుండా మిగిలిపోయింది.

ఎండ తిరిగి రేకుల కిందికి వచ్చింది. పక్క తిన్నె మనిషి సానుభూతిగా, "ఏం పిన్నీ, ఎంతసేపు కూర్చుంటావు? పైన కూర్చోరాదూ, నేల కాలిపోతోంది" అంది.

"పడవ వేళ దాకానమ్మా" అంది ఆదిలక్ష్మి. అమ్మాజీ గంప నీడ ఎటు పడుతోందో చూసి, ఆ నీడలోకి రానంత దూరం జరిగి కూర్చుంది.